మాట్లాడని అక్క, మాట వినని మోడెమ్

చేవెళ్ల,
సోమవారం

తమ్ముడు పేతురుకు, నీతోని మాట్లాడని నీ అక్క ధనమ్మ వందనాలు చెప్పి రాసే సంగతులు.

ఏంది, ఆరేండ్లకు అక్క ఉత్తరం వచ్చిందని కండ్లు తేలేసినవా? తేలెయ్యకు. నీతోని మాట్లాడనని ఒట్టు పెట్టుకున్న గని, రాయనని పెట్టుకోలే. సురంగల్‌ల నీ బిడ్డ పెండ్లి నాడు నేను పాట పాడుతుంటే మూడో చరణం కాడ మైకు బంద్ చేసినవ్, అన్నం సల్లారుతున్నదని. గా ముచ్చట నేను మర్వ. జనరేటర్ ఆగిందని నువ్వంటవ్. జనరేటర్ ఆగితే బగారన్నం కాడ దీపం ఎట్ల వెలిగిందిరా?

సరే, అసలు ముచ్చటకు వస్త. వచ్చే ఆదివారం జిల్లాల ఉన్న చర్చి స్త్రీల సమాజాలన్నిటికి కూడిక ఉన్నది. ఈసారి అంత కంప్యూటర్లనే. ఏ ఊరోళ్ళు ఆ ఊర్లనే కూసొని పాడాలె, జిల్లా అంత చూస్తది. మాకు ఐదు నిమిషాలు ఇచ్చిండ్రు. బైబిల్ల రూతమ్మ కోసిన చేన్ల పరిగె ఏరుకున్న కథను నేను పాట కట్టిన గదా, గది పాడాలె. నేను ముందల, మా సమాజమోళ్ళు వెనుక. శనివారం పొద్దుమీకి ఒకసారి పరీక్ష చేస్తరు. గప్పటికి మా బొమ్మ, మా గొంతు అక్కడికి చేరకపోతే మా జాగ మోకిల ఊరి సమాజమోళ్ళకు ఇచ్చేస్తరట. నా పాట ఒక్కసారన్న చివరిదాంక నలుగురు వినాల్నని నా పానం కొట్టుకుంటున్నది తమ్మీ.

ఫోన్ల పాడుదమంటే రెండు మూడు తలకాయలు తప్ప పట్టవు. మీ కాలేజీల పాతగైందని తీసేస్తే నువ్వే మా సమాజంకు ఇప్పించిన కంప్యూటర్ ఉన్నది గదా, దాన్ని తుడిసి పెట్టినం. చేవెళ్ల బజార్ల ఇంటర్నెట్ పుల్ల గూడ కొన్నం, మోడెమ్ అంటరట. గుచ్చితే పచ్చ దీపం మెరుస్తది గని నెట్ వస్తలేదు. తెర మీద సీడీ బొమ్మ ఒకటి వచ్చి కూసున్నది. మేము సీడీ అడగనే లేదు. దుకాణపాయనను అడిగితే "దీంట్ల విండోస్ లేదమ్మా, లినక్స్ ఉన్నది, గది నాకు రాదు" అని చేతులెత్తేసిండు. నీకైతే వస్తది.

ఫోన్ చెయ్యకు. చేసినా ఎత్త. మన కుర్మయ్య రోజూ పొద్దున పూల మూటలు బస్సుల వేసుకొని మెహిదీపట్నం పోతడు. మొయినాబాద్‌ల చాయకు దిగుతడు. ఆయనతోనే పంపుతున్న. వాపస్ వచ్చేటప్పుడు జవాబు ఆయన చేతికే ఇయ్యి.

మాట్లాడకున్నా ప్రార్థనల మాత్రం నీ పేరు తియ్యక మానని,
ధనమ్మ

తా.క.: ఈ సంగతి కృపాజ్యోతికి చెప్పకు. మొయినాబాద్ సమాజానికి నీ పెండ్లామే లీడరని, మా తర్వాత పాడేది వాళ్ళేనని నాకు తెలుసు.


మొయినాబాద్,
సోమవారం సాయంత్రం

మాట్లాడని అక్కకు, మాటలు పడ్డ తమ్ముడు పేతురు వందనాలు.

కండ్లు తేలెయ్యలే అక్కా, కండ్లల్ల నీళ్ళు వచ్చినయి. పెండ్లి నాడు ఆగింది జనరేటరే. బగారన్నం దగ్గర వెలిగింది గ్యాస్ లైటు. ఇగ ఆ లొల్లి వదిలెయ్.

ఇన్నేండ్లు కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పని చేసిన, ఇట్లాంటి రోగాలు ఎన్నో చూసిన. నీ మోడెమ్ చెడిపోలేదు, వేషం వేసుకొని కూర్చున్నది. విండోస్‌కు కావాల్సిన సామాన్లు దాని కడుపులోనే పెట్టి అమ్ముతరు. అందుకే గుచ్చంగనే ముందు "నేను సీడీని" అంటది. విండోస్ ఆ సామాన్లు దింపుకొని, "ఇగ లే, మోడెమ్ లెక్క పని చెయ్" అంటది. లినక్స్‌లో ఆ మాట మనమే చెప్పించాలె. అంతే, ఫికర్ చెయ్యకు.

ముందు రోగం ఏందో చూద్దం. టెర్మినల్ అని ఒక నల్ల కిటికీ ఉంటది, తెరువు. అందులో lsusb అని కొట్టి ఎంటర్ నొక్కు. కంప్యూటర్‌కు ఏమేం గుచ్చి ఉన్నయో పేర్లన్నీ చెప్తది. మోడెమ్ పేరు ఉన్నదా చూడు. తర్వాత ఈ కాగితం వెనుక రాసిన లైన్ కొట్టు. అది sudo అని మొదలైతది. అంటే "ఇంటి పెద్దను చెప్తున్న, విను" అన్నట్టు. నువ్వు నిజంగ పెద్దవేనా అని పాస్‌వర్డ్ అడుగుతది. కంప్యూటర్ మీకు పంపేటప్పుడు నేనే పెట్టిన: akkamatladu. అన్నీ చిన్న అక్షరాలు, మధ్యలో జాగ ఇయ్యకు. ఆఖరుకు ఎర్ర అక్షరాల్లో ఏమన్న వస్తే అది రాసి పంపు.

నీ పాట జిల్లా అంతా వినాలని కోరుకునే,
పేతురు

తా.క.: కృపాజ్యోతికి నేనేం చెప్పలే. కాకపోతే కుర్మయ్య నీ ఉత్తరాన్ని ఆమె చేతికే ఇచ్చిండు.


చేవెళ్ల,
మంగళవారం

తమ్మీ,

నీ పాస్‌వర్డ్ చదివిన. చదవనట్టే ఉన్న.

మొదటిది మంచిగనే పని చేసింది. మోడెమ్ పేరు కనబడంగనే మా సమాజమోళ్ళంత చప్పట్లు కొట్టి స్తోత్రం చెప్పిండ్రు. తిప్పలంత రెండోదాని కాడనే. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద ఒక్క అక్షరం వస్తలేదు! చుక్క గూడ లేదు. మెల్లగ కొట్టిన, గట్టిగ కొట్టిన, కండ్లు మూసుకొని ప్రార్థన చేసి కొట్టిన. ఊహూ.

పక్కింటి నీలమ్మ వచ్చి చూసి "కీబోర్డుకు దిష్టి తాకింది వదినా" అన్నది. మేము గసొంటివి నమ్మమని చెప్తనే ఉన్న, ఆమె ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిల వేసింది. ఘాటుకు అందరికి దగ్గులు. పాట ప్రాక్టీసు పాయె. ఇగ కీబోర్డే పాడైందనుకొని దుకాణంకు ఉరికి కొత్తది తెచ్చినం. కొత్తదానితోని గూడ గంతే!

నా ఉత్తరం కృపాజ్యోతి చేతిల పడ్డదని రాసినవ్ చూడు, గప్పుడే నాకు సమజైంది. మా కంప్యూటర్ నోరు ఎవరు కుట్టిచ్చిండ్రో నన్ను అడగకు, నీ ఇంట్లనే అడుగు. ఇంటి పెద్దను నేనైతే నాకెందుకు కనబడనిస్తలేదు నా పాస్‌వర్డ్?

దగ్గుకుంట,
ధనమ్మ

తా.క.: మీ బావ జయరాజ్ ఏమంటడో తెలుసా? "పాస్‌వర్డ్ల మాట్లాడు అని ఉన్నది, నువ్వేమో మాట్లాడనంటున్నవ్, అందుకే అది తీసుకుంటలేదు" అని. ఆయనకు చాయ బంద్ చేసిన.


మొయినాబాద్,
మంగళవారం సాయంత్రం

అక్కా,

తప్పు నాది కాదు, నీది కాదు, కృపాజ్యోతిది అసలే కాదు. లినక్స్‌లో పాస్‌వర్డ్ కొడితే కనబడదు. దాని పద్ధతే అది. మన చర్చిలో చందా సంచి వస్తది గదా, చెయ్యి లోపల పెట్టి వేస్తం, ఎంత వేసినమో పక్కోళ్ళకు కనబడదు. ఇది గూడ అంతే. కనబడకున్నా కొట్టుకుంటపో, ఆఖరుకు ఎంటర్ నొక్కు. లోపల అన్నీ పడుతనే ఉంటయి. కొత్త కీబోర్డు వాపస్ ఇచ్చెయ్.

ఇగ టైం లేదు కాబట్టి నేనే ఒక నిర్ణయానికి వచ్చిన. మా కాలేజీలో క్రాంతి కుమార్ సార్ దగ్గర సరిగ్గ ఇదే మోడెమ్ ఉన్నది. దానికి వచ్చిన రోగమే నీదానికి వచ్చింది. నీ కంప్యూటర్‌లో డ్రైవర్ ఉన్నది, అంటే మోడెమ్‌తో ఎట్ల మాట్లాడాల్నో కంప్యూటర్‌కు తెలుసు. మోడెమ్‌కు మాత్రం ఎట్ల పని చెయ్యాల్నో తెల్వదు. ఆ తెలివినే ఫర్మ్‌వేర్ అంటరు. అది ఒక చిన్న ఫైల్. మామూలుగ ఇంటర్నెట్ నుంచి దింపుకుంటరు. ఇంటర్నెట్ రావాల్నంటే అది కావాలె, అది రావాల్నంటే ఇంటర్నెట్ కావాలె! ఈ గోసకు ఎంతమంది కంప్యూటర్లను అటక ఎక్కించిండ్రో లెక్క లేదు.

అందుకని నేను ఇక్కడ దింపి పెన్ డ్రైవ్‌లో వేసి, టిఫిన్ డబ్బాలో పెట్టి కుర్మయ్యకు ఇస్తున్న. సీడీ వేషం తీసేసే సరుకు గూడ అందులోనే ఉన్నది. పెన్ డ్రైవ్ గుచ్చి, తెరిచి, ఫైల్ నడిపించు. తర్వాత ఏమైందో రాయి.

కృపాజ్యోతి మీద అనుమానం పెట్టుకోకు. ఆమె ఉత్తరం చదివిన మాట నిజమే. చదివి నవ్వింది, అంతే.

నీ మేలు కోరే,
పేతురు

తా.క.: డబ్బాలో కింద గిన్నెలో సకినాలున్నయి. పెన్ డ్రైవ్ పై గిన్నెలో ఉన్నది. తారుమారు చెయ్యకుండ్రి.


చేవెళ్ల,
గురువారం

పేతురూ,

నవ్విందా? నవ్విందా!

నువ్వు చెప్పినట్టే చేసినం. పెన్ డ్రైవ్ గుచ్చినం, తెరిచినం, ఫైల్ నడిపించినం. పెద్ద బొత్తం ఒకటి కనబడితే దాన్ని రెండుసార్లు నొక్కిన. ఏమైందో తెలుసా? నీ పెండ్లాం పాడింది! మా కంప్యూటర్లకెళ్ళి, మా ఇంట్ల, మా సమాజం ముందర, మొయినాబాద్ సమాజం పూరా పాట పాడింది. డోలక్‌తోని సహా. మేము నోర్లు తెరుసుకొని కూసున్నం. ఒకామె "ఇదేనా వదినా ఫర్మ్‌వేర్ అంటే?" అని అడిగింది. మోడెమ్‌కు తెలివి వస్తదేమోనని ఇంకొకసారి పెట్టినం. మూడోసారి గూడ పెట్టినం. తెలివి రాలే గని మాకు వాళ్ళ పాట నోటికి వచ్చింది.

తమ్మీ, ఆరేండ్ల కింద నా మైకు బంద్ చేసినవ్, ఓర్సుకున్న. ఇప్పుడు మా పాట ఆపి మీ పాట వినిపిస్తున్నవా? రేపొక్క దినమే ఉన్నది, ఎల్లుండి పరీక్ష. మోకిలోళ్ళు అప్పుడే కొత్త చీరలు తీసుకున్నరట. నా గొంతు ఎవ్వరు వినొద్దని రాసి పెట్టి ఉన్నదేమో. నిన్న ఒక్క ముద్ద దిగలే నాకు.

మనసు కాలిన,
ధనమ్మ

తా.క.: వాళ్ళ రెండో చరణంల శృతి తప్పింది. నేను చెప్పిన్నని చెప్పు.

ఇంకో తా.క.: మేము ఇంత తిప్పలు పడుతున్నమని నీలమ్మ ఉండబట్టలేక, వాళ్ళు దసరాకు పనిముట్లకు పెట్టినట్టు, మోడెమ్‌కు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఆమె మనసు కష్టపెట్టొద్దని నేనేమన్లే. పచ్చగ మెరిసే దీపం గూడ ఇప్పుడు మెరుస్తలేదు.


మొయినాబాద్,
గురువారం సాయంత్రం

అక్కా అక్కా అక్కా,

నీ కాళ్ళు మొక్కుత, ముందు ఈ ఉత్తరం పూరా చదువు, తర్వాత తిట్టు.

ఆ పాట మావాళ్ళు ప్రాక్టీసు చేస్తుంటే రికార్డు చేసింది. ఇంట్ల ఉన్న ఒక్క పెన్ డ్రైవ్ అదే, అందులో అది ఉన్నదని చూసుకోలే. మీరు విన్నరని కృపాజ్యోతికి చెప్పకుండ్రి అని రాద్దమనుకున్న, ఇంతల ఆమె నీ ఉత్తరం మళ్ళీ చదివింది. ఈసారి నవ్వలే.

ఇగ పని. మొట్టమొదలు మోడెమ్ తియ్యి. గుచ్చే మూతి లోపల ఇత్తడి రేకులు సన్నగ కనబడుతయి. అక్కడ పసుపు చేరితే కంప్యూటర్‌కు మోడెమ్‌కు సంబంధం తెగిపోతది. పొడి గుడ్డతో తుడువు. నీళ్ళు పెట్టకు. నీలమ్మకు చెప్పు, బొట్టు పై డిప్ప మీద పెట్టుకోవచ్చు, మూతిలో వద్దు.

పాట ఫైల్ జోలికి పోకు. దాని పక్కన deb అని తోక ఉన్న ఫైళ్ళు రెండున్నయి. వెనుక కాగితం మీద రాసిన లైన్ కొడితే రెండూ ఎక్కుతయి. పాస్‌వర్డ్ కనబడదు, కొట్టు. అప్పుడది "ఎక్కించాల్నా, వద్దా?" అని ఇంగ్లీషుల అడిగి y లేకుంటే n కొట్టమంటది. y కొట్టు. ఆగకుండ కొట్టు. తర్వాత కంప్యూటర్ బంద్ చేసి మళ్ళీ పెట్టి, అప్పుడు మోడెమ్ గుచ్చు. దీపం నీలం రంగుకు తిరిగితే మోడెమ్ తన వేషం తీసేసినట్టు. తెర మీద కుడి మూలకు నెట్‌వర్క్ గుర్తు ఉంటది, దాంట్ల మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ అన్నదాన్ని నొక్కు.

నా మీద కోపం ఉంటే ఉండనీ. కాని నువ్వు పాడాలె. ఇది నా మాట.

పేతురు

తా.క.: ఈ రాత్రి మా ఇంట్ల వంట లేదు. సకినాలు మిగిలినయా?


చేవెళ్ల,
సోమవారం

నా తమ్ముడు పేతురుకు,

వచ్చిందిరా! నెట్ వచ్చింది! దీపం నీలంగ వెలిగింది, మా ఇల్లంత వెలిగింది.

ముందు నుంచి చెప్త. శుక్రవారం పొద్దున మూతి తుడిసినం. నువ్వు రాసిన లైన్ కొట్టిన. చందా సంచిల వేసినట్టు పాస్‌వర్డ్ వేసిన. తీసుకున్నది! గప్పుడు అడిగింది, ఎక్కించాల్నా వద్దా అని. నువ్వు y కొట్టమన్నవ్ గని, మా సమాజంల ఒక పద్ధతి ఉన్నది గదా, చేతులెత్తకుండ ఏ పని ముంగటికి పోదు. పాయఖానాకు సున్నం వెయ్యాల్నన్నా మేము చేతులెత్తుతం. గందుకని అందర్ని పిలిపిచ్చిన. ప్రార్థన చేసినం. చర్చ పెట్టినం. ఒకామె లేచి "ఎక్కించినంక దించొచ్చా?" అని అడిగింది. ఇంకొకామె "మోకిలోళ్ళు y కొట్టిండ్రా n కొట్టిండ్రా?" అన్నది. మీ బావ అసలు సభ్యుడే కాదు, చాయ బంద్ చేసిన కోపానికి n దిక్కు చెయ్యెత్తిండు. నీలమ్మ గూడ సభ్యురాలు కాదు, y దిక్కు రెండు చేతులెత్తింది. తీర్మానం అయ్యి y కొడుదమని కూసుంటే కరెంటు పోయింది.

శనివారం పొద్దున మల్ల మొదటికెళ్ళి. ఈసారి మీటింగు పెట్టలే. నేనే కొట్టిన, ఇంటి పెద్దను గదా. చకచక రాతలు ఉరికినయి. బంద్ చేసి పెట్టినం, గుచ్చినం, నీలం దీపం! నీలమ్మ తనవల్లనే అంటున్నది, అననీ.

పొద్దుమీకి పరీక్షల అవతలి మనిషి బొమ్మ రాలే, గొంతు గూడ రాలే. రాతలే వచ్చినయి, "బాగా వినబడుతున్నది అమ్మా, రేపు ఇట్లనే పాడండి" అని. ఎవరో గని మర్యాదస్తుడు.

ఆదివారం పాడిన తమ్మీ. తొమ్మిది చరణాలు పాడిన! ఐదు నిమిషాలే అన్నరు, నాకు యాది లేదు, ఎవ్వరు ఆపలే. ఎనిమిదో చరణంల రూతమ్మ కొంగుల గింజలు అత్త ముందర పోసే కాడ వెనుకున్నోళ్ళంత ఏడ్సుకుంట పాడిండ్రు. నా పాట అయిపోయేదాంక పాడిన నేను, నా జన్మల మొదటిసారి.

పాట మొదలువెట్టే ముందు నేను "తమ్మీ పేతురూ, వినబడుతున్నదారా?" అన్ననట. జిల్లా అంత విన్నదట. నాకైతే ఎరుక లేదు. అన్నా గది కంప్యూటర్‌తోని అన్నట్టు, నీతోని కాదు. ఇంట్ల కూసొని విన్నవా? ఎట్లున్నదో రాయి, తొందరగ రాయి.

నీ అక్క,
ధనమ్మ

తా.క.: మా తర్వాత మొయినాబాద్ సమాజం పాడాలె గదా? వాళ్ళు రాకుండనే ముగింపు ప్రార్థన చేసిండ్రు. ఏమైంది, వాళ్ళ మోడెమ్ గూడ పాడైందా? కావాల్నంటే మా నీలమ్మను పంపుత.


మొయినాబాద్,
సోమవారం సాయంత్రం

అక్కా,

ఇంట్ల కూర్చొని వినలే. ఆ అవతలి మర్యాదస్తుడిని నేనే.

కూడికకు కంప్యూటర్ పని తెలిసినోళ్ళు కావాల్నని మొదటనే నన్ను అడిగిండ్రు, ఒప్పుకున్న. ఎవరి వంతు వస్తే వాళ్ళ మైకు తెరవాలె, ఐదు నిమిషాలు కాంగనే బంద్ చెయ్యాలె. అదే నా పని. ఆ మైకు నా చేతిలో ఉంటదని తెలిస్తే నువ్వు పాడనే పాడవు. అందుకే చెప్పలే, శనివారం గూడ నా బొమ్మ మూసి, గొంతు మూసి రాతలే రాసిన.

నీ వంతు వచ్చింది. మైకు తెరిచిన. నువ్వు కంప్యూటర్‌లకు తొంగి చూసి "తమ్మీ పేతురూ, వినబడుతున్నదారా?" అన్నవ్. ఆరేండ్లకు! అక్కా, నీ మైకు గొంతు ఇంకా జర పెంచిన. నువ్వు పాడుతుంటే ఐదు నిమిషాలు దాటింది. పక్కన గడియారం పట్టుకొని కూర్చున్న కూడిక పెద్ద శంకరయ్య సార్ నా భుజం తట్టిండు. పది దాటింది, గిచ్చిండు. మైకు బంద్ చేసే బొత్తం మీద నా వేలు ఉన్నది, ఒత్తబుద్ధి కాలే. జన్మల ఒత్తను. ఎంత మంచిగ పాడినవే అక్కా! నేను అక్కడనే, అందరి ముందు, చిన్న పోరని లెక్క ఏడ్చిన.

తర్వాత సంగతి విను. నువ్వు తొమ్మిది చరణాలు పాడేసరికి కూడిక టైం అయిపోయింది. మిగిలింది ఒక్క మొయినాబాద్ సమాజమే. కొత్త చీరలు కట్టుకొని, డోలక్ ముందర పెట్టుకొని, కృపాజ్యోతి పాడనీకి నోరు తెరిచింది. శంకరయ్య సార్ "ఇగ ముగించు" అన్నడు. వాళ్ళ మైకు నేనే బంద్ చేసిన.

నిన్నటి నుంచి నీ మరదలు నాతో ఒక్క మాట మాట్లాడుతలేదు. ఫోన్ గూడ గుంజుకున్నది, అందుకే నీకు మళ్ళీ ఉత్తరమే రాస్తున్న. ఆమెకు గూడ ఉత్తరాలే రాస్తున్న, హాల్‌ల కూర్చొని వంటింట్లకు. నడుమ కుర్మయ్య గూడ లేడు, నేనే రాసి నేనే తీసుకపోయి ఇస్తున్న. నువ్వే జర మంచి మాట చెప్పి నన్ను గట్టెక్కించు.

అన్నీ విన్న, ఇంకా వింటనే ఉన్న నీ తమ్ముడు,
పేతురు

తా.క.: ఉత్తరం మడుస్తుంటే వంటింట్ల నుంచి చీటీ వచ్చింది. మధ్యాహ్నం నువ్వు నా ఫోన్‌కు చేసినవట, ఆమె ఎత్తిందట. గంట సేపు ఇద్దరు మాట్లాడుకున్నరట. క్రిస్మస్‌కు రెండు సమాజాలు కలిసి పాడుతయట, వాళ్ళ రెండో చరణం శృతి నువ్వే సరి చేస్తవట, మైకు దగ్గరికి నన్ను రానియ్యొద్దని ఇద్దరు తీర్మానం చేసిండ్రట. చేతులెత్తి మరీ! ఇంతకూ నువ్వు ఫోన్ చేసింది నాకు గదా అక్కా, ఒక్కసారన్న నన్ను పిలవమని చెప్పకపోతివి?